ఎయిర్ రైఫిల్ విప్పే ముందు

చిరంజీవి శ్రీనుకు పెదనాన్న ఆశీస్సులు.

నీ స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌ని ఇకమీదట నువ్వే శుభ్రం చేసుకుంటానన్నావు. చాలా సంతోషం. కానీ ఇంట్లో ఉన్న స్క్రూడ్రైవర్‌తో మాత్రం మొదలుపెట్టకు. ముందు పనిముట్లు చేసుకో. విజయవాడలోనే ఉన్నావు కాబట్టి ఆటోనగర్‌లో ఒక పూట తిరిగితే సరుకు దొరుకుతుంది.

మామూలు స్క్రూడ్రైవర్ మొన చివరికి పోయేకొద్దీ పలచబడుతుంది. తుపాకీ స్క్రూల గాడి గోడలేమో నిటారుగా ఉంటాయి. అందుకే మొన గాడి పైఅంచుల్నే పట్టుకుని, గట్టిగా తిప్పగానే జారి స్క్రూ తలను చెక్కేస్తుంది. పాత స్క్రూడ్రైవర్ ఒకటి తీసుకుని, మొన రెండు ముఖాలూ సమాంతరంగా, చివరిదాకా ఒకే మందం వచ్చేలా నూనె వేసిన సానరాయి మీద రుద్దు. గ్రైండర్ మీద పని త్వరగా అవుతుంది గానీ, ఉక్కు నీలం రంగు తిరిగిందంటే మెత్తబడిపోయినట్టే. మాటిమాటికీ నీళ్లలో ముంచాలి. మధ్యమధ్యలో గాడిలో పెట్టి చూసుకో. మొన గాడి నిండా పట్టాలి, ఊగకూడదు, స్క్రూ తల కంటే వెడల్పుగా ఉండకూడదు. ఈ ఒక్క పనికి ఎంత టైమ్ పట్టినా పర్వాలేదు.

తుపాకీ భాగాల్ని పట్టి ఉంచే పిన్నుల్ని కొట్టి తీయడానికి పిన్ను కంటే కాస్త సన్నని ఇత్తడి కడ్డీ ముక్క చాలు. ఇత్తడి మెత్తన కాబట్టి చేయి తప్పినా తుపాకీ మీద గీత పడదు. కింద చిల్లు పెట్టిన చెక్కదిమ్మ ఉంచు.

గొట్టం లోపల శుభ్రం చేయడానికి, గడ్డి కోసే యంత్రంలో వేసే సన్న నైలాన్ తీగ తెచ్చి, రెండుగా మడిచి, మడతలో చిన్న గుడ్డముక్క పెట్టు. కొసల్ని వెనక నుంచి దూర్చి మూతి వైపు లాగు. మూతి నుంచి ఇనప కడ్డీ మాత్రం పెట్టకు, అక్కడి అంచు అరిగితే గురి పోతుంది.

స్ప్రింగ్ విషయంలో నా మాట విను. కాక్ చేయకపోయినా, అంటే పేల్చడానికి బిగించకపోయినా, అది లోపల నొక్కుకునే ఉంటుంది. స్ప్రింగ్‌ని నొక్కి పట్టి ఉంచే పనిముట్టు, అంటే స్ప్రింగ్ కంప్రెసర్, లేకుండా పిన్ను తీశావంటే స్ప్రింగ్ ఎగిరొచ్చి మొహానికి తగులుతుంది. ఆ కంప్రెసర్ సరిగా ఉన్నవాళ్ల దగ్గరికే తీసుకెళ్లు. రేపు లైసెన్సు రైఫిల్ కొన్నా, దాని రిపేరు మాత్రం లైసెన్సున్న మెకానిక్కే చేయాలి, 1959 ఆయుధ చట్టం అదే చెబుతోంది.

ఏది విప్పినా ముందు గొట్టం వంచి, లోపల పెల్లెట్ లేదని కళ్లతో చూసుకో. గాలిని నొక్కే పిస్టన్ గదిలో మామూలు నూనె చుక్క కూడా పడనివ్వకు, ఒత్తిడికి అది మండుతుంది. మన ఊరి ఉక్కలో చెమట చేతి ముద్రలే తుప్పవుతాయి. పని అవగానే పైన నూనె గుడ్డతో తుడిచెయ్.

మొన తయారయ్యాక ఫొటో పంపించు, చూసి చెబుతాను.

పెదనాన్న