ట్రఫుల్ వాసన పట్టే యంత్రం: అమ్మాయిని ఏ కోర్సులో చేర్పించాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. మట్టి కింద పెరిగే ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగును ఎలక్ట్రానిక్ ముక్కుతో కనిపెట్టే పరిశోధన గురించి చదివి, తానూ అదే చేస్తానంటోంది. మాది వేరుశనగ పండించే కుటుంబం. మేము సీఎస్ఈ అనుకుంటున్నాం. ఈ రంగంలో ఉద్యోగాలు ఉంటాయా?
- ఒక తండ్రి, వనపర్తి

జవాబు: అమ్మాయి ఆసక్తిని దయచేసి కొట్టిపారేయకండి. ట్రఫుల్ మన పాలమూరు నేలల్లో దొరకదు. దానికి సున్నం ఎక్కువున్న నేల, ఓక్, హేజెల్ వంటి చెట్ల వేళ్లు, చలికాలపు చల్లదనం కావాలి. ఇటలీ, ఫ్రాన్స్‌లలో శిక్షణ పొందిన కుక్కలతో వెతికిస్తారు. పక్వానికి వచ్చిన ట్రఫుల్ విడిచే డైమిథైల్ సల్ఫైడ్ వంటి ఆవిరులను అవి పసిగడతాయి.

ఆ పని యంత్రంతో చేయించడం చాలా కష్టం. ఎలక్ట్రానిక్ ముక్కులో అనేక గ్యాస్ సెన్సర్లు ఉంటాయి. టిన్ ఆక్సైడ్ పొరను వేడి చేసి ఉంచితే, ఆవిరి తగిలినప్పుడు దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఏ ఒక్క సెన్సరూ వాసన పేరు చెప్పలేదు. అన్నింటి మార్పులనూ కలిపి చూసి కంప్యూటర్ గుర్తుపట్టాలి. వార్విక్ విశ్వవిద్యాలయానికి చెందిన పెర్సాద్, డాడ్ 1982లోనే ఈ పద్ధతిని నేచర్ పత్రికలో వివరించారు. అయితే గాలిలో తేమ మారినా, సెన్సర్ పాతబడినా అది చూపే అంకెలు మారిపోతాయి. ఆరుబయట గాలి వీస్తే ఆవిరి పలచబడుతుంది. అందుకే తోటల్లో నేటికీ కుక్కదే పైచేయి.

ఇక ఉద్యోగాల సంగతి. ‘ఎలక్ట్రానిక్ ముక్కు ఇంజనీరు’ అనే పేరుతో కొలువులు వెతికితే నిరాశే. ఇదే విద్య వేరే పేర్లతో చెలామణిలో ఉంది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఉన్నటువంటి మందుల పరిశ్రమల్లో ద్రావకాల ఆవిరి లీకులను కనిపెట్టే పరికరాలు తప్పనిసరి. గాలి కాలుష్యాన్ని కొలిచే కేంద్రాలు, ఆహార పరీక్షల ప్రయోగశాలలు ఉన్నాయి. కోల్‌కతాలోని సీడాక్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ టీ పొడి పరిమళాన్ని అంచనా వేసే ఎలక్ట్రానిక్ ముక్కును రూపొందించింది.

నా ఓటు ఈసీఈకి, లేదా ఎలక్ట్రానిక్స్ అండ్ ఇన్‌స్ట్రుమెంటేషన్‌కు. ప్రవేశ పరీక్ష అయిపోగానే కెమిస్ట్రీ పుస్తకం అటకెక్కించవద్దని అమ్మాయికి చెప్పండి. స్టాటిస్టిక్స్ కూడా గట్టిగా నేర్చుకోవాలి. పరిశోధన వైపు వెళ్లాలంటే తర్వాత గేట్ రాసి ఎంటెక్ చేయవచ్చు.

మీ ఇంటి పంటలోనే ఆమెకు తగిన సమస్య ఒకటుంది. పల్లీలకు ఆస్పర్‌జిల్లస్ బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం చేరవచ్చు. విషానికి వాసన లేదు కానీ, బూజు కొన్ని ఆవిరులను విడుస్తుంది. వాటి ఆధారంగా చెడిన గింజలను గుర్తించాలని పరిశోధకులు ప్రయత్నిస్తున్నారు.

ఒక ఆర్డ్యునో బోర్డు (సెన్సర్లను కలిపి ప్రోగ్రాం రాసుకునే చిన్న సర్క్యూట్), రెండు మూడు ఎంక్యూ రకం గ్యాస్ సెన్సర్లు కొనివ్వండి, పెద్ద ఖర్చు కాదు. మంచి పల్లీలు ఒక సీసాలో, బూజు పట్టినవి మరో సీసాలో రాత్రంతా మూసి ఉంచి, ఉదయం రెండింటి దగ్గరా సెన్సర్లు చూపే అంకెలు నమోదు చేయమనండి. బూజు గింజలను ముట్టుకునేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు వాడాలి. తర్వాత వాటిని పశువులకు వేయకండి.

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టేలోపు ఇది కొన్ని వారాలు సాగనివ్వండి. సెన్సర్లు, తీగలు, సీసాలతో గంటలు గడిపితే ఈసీఈ. అంకెలు చేతికి రాగానే ప్రోగ్రాం రాయడానికి కూర్చుంటే, మీరు అనుకున్న సీఎస్ఈకే నేనూ సరే అంటాను.