సమాధానం: క్యారెట్ పెడితే గుర్రం వేళ్లు కొరుకుతోంది

దానికి మీ మీద కోపమేమీ లేదండీ. మూతికి సరిగ్గా కింద ఉన్నది గుర్రానికి కనిపించదు. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి ముక్కు ముందు కొంత మేర చూపు అందదు. అక్కడ మీసాలతో, పెదవులతో తడిమి చూసుకుంటుంది. మీరు క్యారెట్‌ను వేళ్ల కొసలతో పట్టుకున్నానన్నారు. ఏది క్యారెట్టో, ఏది వేలో దానికి తెలియలేదు.

1. ముందు యజమానిని అడగండి. కొన్ని గుర్రాలకు తీపి పడదు.
2. క్యారెట్‌ను నిలువుగా చీల్చండి. గుండ్రటి ముక్కలు గొంతుకు అడ్డం పడొచ్చు.
3. భుజం వైపు నుంచి, మాట్లాడుతూ దగ్గరికి వెళ్లండి.
4. అరచేతిని బాగా చాచి, ముక్కను మధ్యలో పెట్టండి.

చాలామంది మరిచిపోయేది బొటనవేలు. మిగతా వేళ్లు చాచినా అది పైకి లేచే ఉంటుంది, పంటికి ముందు చిక్కేది అదే. చూపుడువేలి పక్కకు గట్టిగా ఆనించండి. వెచ్చటి పెదవి తగలగానే కంగారుగా చెయ్యి లాక్కోకండి. లాగితే తిండి పోతోందని పళ్లతో అందుకుంటుంది.

చెవులు వెనక్కి అణిచి ఉంటే మాత్రం అప్పటికి పెట్టొద్దు. పిల్లలు పక్కనుంటే తొట్టిలో వేయడమే మేలు.