డేట్‌కి ముందు కోపం: డాక్టరుకి చెప్పేముందు రెండు నెలలు రాయండి

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. పీరియడ్స్‌కి వారం పది రోజుల ముందు నుంచి ఎవరేమన్నా పడదు. మావారి మీద, అత్తయ్యగారి మీద అరిచేస్తాను. పోయిన నెల హోంవర్క్ దగ్గర మా ఏడేళ్ల పాపను కొట్టాను. మర్నాడే డేట్ వచ్చింది, రోజంతా ఏడుస్తూనే ఉన్నాను. తర్వాత కొన్నాళ్లు బాగానే ఉంటాననుకుంటా. నేను గట్టిగా మాట్లాడితే చాలు, మావారు బంధువుల ముందే 'డేట్ దగ్గర పడినట్టుంది' అని నవ్వుతారు. డాక్టరు దగ్గరికెళ్తే 'ఎన్నాళ్లుగా? నెలలో ఎన్ని రోజులు?' అని అడిగారు. సరిగా చెప్పలేకపోయాను. బలానికి మాత్రలు రాసి పంపేశారు. ఇది జబ్బా, నా బుద్ధే ఇంతా?
– ఓ సోదరి, ఖమ్మం

జవాబు: బుద్ధే అంతయితే నెల పొడవునా అలాగే ఉండాలి కదమ్మా. డేట్ వచ్చిన రెండు మూడు రోజులకి మీరు మళ్లీ మామూలుగా అవుతున్నారా లేదా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. 'బాగానే ఉంటాననుకుంటా' అని రాశారు. ఆ 'అనుకుంటా' తేలాలి.

నెలసరి ముందు కాస్త చిరాకు, ఒళ్లు బరువు, ఊరికే కన్నీళ్లు రావడం చాలామందికి ఉండేవే. అవి సంసారాన్నీ ఉద్యోగాన్నీ దెబ్బతీసేంత ముదిరితే పీఎండీడీ (ప్రీమెన్‌స్ట్రువల్ డిస్ఫోరిక్ డిజార్డర్) అంటారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన మానసిక జబ్బుల జాబితా డీఎస్ఎం-5లో దీన్ని విడి జబ్బుగా చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లోనూ ఉంది. కాబట్టి ఇది 'ఆడవాళ్ల వేషాలు' కాదు. అలాగని మీకున్నది ఇదేనని ఉత్తరం చూసి నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. దీన్ని పట్టించే రక్తపరీక్ష లేదు. ఈ ఇబ్బంది ఉన్నవాళ్లలో హార్మోన్లు మామూలుగానే ఉంటాయి, వాటి హెచ్చుతగ్గులకి మెదడు మాత్రం ఎక్కువగా స్పందిస్తుంది. అందుకే కనీసం రెండు నెలసరుల పాటు ఏ రోజుది ఆ రోజు రాసిన వివరాలు చూశాకే డాక్టర్లు నిర్ధారిస్తారు.

గుర్తున్నది చెబితే సరిపోదా అంటారేమో. పాపను కొట్టిన రోజు మీకు గుర్తుంది. పాప అదే తప్పు చేసినా ఊరుకున్న రోజులు ఎన్నో చెప్పండి? అవి ఎవరికీ గుర్తుండవు. పైగా 'అంతా డేట్ వల్లే' అని ఒకసారి మనసులో పడ్డాక, ఆ వారంలో జరిగినవే లెక్కకొస్తాయి, మిగతావి జారిపోతాయి.

చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి, ఫోనైనా సరే. గోడ క్యాలెండర్ మీద మాత్రం వద్దు, అది ఇంట్లో అందరూ చూసేది. బ్లీడింగ్ మొదలైన రోజు ఒకటో రోజు. రోజూ పడుకునే ముందు కోపం, దిగులు, కంగారు, ఉన్నట్టుండి ఏడుపు, నిద్ర, ఆకలి, ఒంటి నొప్పులు, వీటికి ఒకటి నుంచి ఆరు వరకూ అంకెలు వేయండి. అసలు లేకపోతే ఒకటి, భరించలేనంత ఉంటే ఆరు. పక్కన ఒక్క వాక్యం: 'స్టాఫ్‌రూమ్‌లో గొడవ', 'ఆయనతో మాటల్లేవు', 'సెలవు పెట్టాను'. బాగున్న రోజున కూడా రాయాలి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, 'ఇవాళ ఏమీ లేదు కదా' అని. డాక్టరు డేట్‌కి ముందు వారాన్ని, డేట్ అయ్యాక వచ్చే వారంతో పోల్చి చూస్తారు. ఆ రెండో వారం ఖాళీగా ఉంటే మొదటి వారం ఎంత నిండుగా ఉన్నా పనికిరాదు. మధ్యలో రెండు రోజులు మరిచిపోతే ఊహించి నింపకండి, వదిలేయండి.

ఇంకో సంగతి. వ్రతమనో, పెళ్లనో, తిరుపతి ప్రయాణమనో డేట్ వాయిదా వేసే మాత్రలు మన ఇళ్లల్లో ఇట్టే మింగేస్తారు. అవీ హార్మోన్ మాత్రలే, కొందరిలో మనసు మీద కూడా పనిచేస్తాయి. ఈ రెండు నెలలూ వాటి జోలికి వెళ్లకండి. ముహూర్తం వల్ల వేసుకోక తప్పకపోతే, ఏ రోజు ఏ మాత్ర వేసుకున్నారో నోట్‌బుక్‌లో రాసి, డాక్టరుకి చెప్పండి.

రాశాక డేట్‌కి ముందు వారం, డేట్ అయ్యాక వచ్చే వారం తేడా లేకుండా అంకెలు ఒకేలా ఉన్నాయనుకోండి. అప్పుడిది నెలసరి సమస్య కాకపోవచ్చు. డిప్రెషనో, ఆందోళనో, థైరాయిడో, రక్తహీనతో ఉండొచ్చు. ఉన్న డిప్రెషనే డేట్ ముందు ఎక్కువవడం కూడా జరుగుతుంది, దానికి వైద్యం వేరే.

ఇక మీవారి నవ్వు. ఆ వారంలో మీ కోపం పెరుగుతుందన్నది నిజమే కావచ్చు. అంతమాత్రాన కోపానికి కారణం ఉత్తదైపోదు. మిగతా ఇరవై రోజులూ మింగేసిన మాటే ఆ పది రోజుల్లో బయటపడుతుంటుంది. బంధువులు వెళ్లాక గిన్నెలన్నీ మీరొక్కరే తోమితే ఏ తేదీకైనా అది అన్యాయమే. అందుకే అంకె పక్కన కారణం రాయమంటున్నాను. డేట్ అయ్యాక, మనసు కుదుటపడినప్పుడు ఆ కారణాలు మళ్లీ చదవండి. అప్పటికీ సబబుగా అనిపించినవి ఆయన ముందు పెట్టండి. 'నలుగురిలో ఆ మాట అనొద్దు' అన్నది మొదట చెప్పండి. నోట్‌బుక్ మాత్రం ఆయన చేతికివ్వనక్కర్లేదు. రేపు ఏ గొడవలోనైనా 'నువ్వే రాసుకున్నావుగా' అనే ఆస్కారం ఎందుకు?

పాప సంగతి రెండు నెలలు ఆగదు. నోట్‌బుక్‌లో కోపం నాలుగు దాటిన రోజు నుంచి హోంవర్క్ మీవారిదే, ఇది ఇప్పుడే మాట్లాడుకోండి. చెయ్యి లేస్తుందనిపిస్తే పక్క గదిలోకి వెళ్లిపోండి, లెక్కలు మర్నాడు చేసుకోవచ్చు. 'నిన్ను కొట్టడం నాదే తప్పు' అని పాపతో సూటిగా చెప్పండి. డేట్ సంగతి దానికి చెప్పక్కర్లేదు.

చచ్చిపోవాలనో, ఎవరినైనా ఏదైనా చేసేస్తాననో అనిపిస్తే ఈ రాతలేవీ పూర్తయ్యేదాకా ఆగొద్దు. వెంటనే ఇంట్లోవాళ్లకి చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

వైద్యానికి భయపడకండి. పీఎండీడీ అని తేలితే ఎస్ఎస్ఆర్ఐ రకం మాత్రలు ఇస్తుంటారు. డిప్రెషన్‌కి వాడేవే అయినా ఈ సమస్యలో త్వరగా పనిచేస్తాయి. కొందరికి డేట్ ముందు రెండు వారాలే వాడితే చాలు. కొన్ని రకాల గర్భనిరోధక మాత్రలూ, కౌన్సెలింగూ ఉన్నాయి. బీపీ, మైగ్రేన్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం లాంటివి మీకు ఉన్నాయో లేదో, ఇంకో బిడ్డ ఆలోచన ఉందో లేదో ముందే చెప్పండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు కావివి.

గైనకాలజిస్టు దగ్గర ఓపీలో మీకు దొరికేది ఐదు నిమిషాలే కావచ్చు. రెండు నెలల అంకెల్నీ ఒకే కాగితం మీదికి ఎక్కించి తీసుకెళ్లండి. డేట్ వచ్చిన రోజుల చుట్టూ ఎర్ర సిరాతో గీయండి. పైన ఒక్క వాక్యం రాయండి: 'నా ఉద్యోగం, మా పాప ఈ కోపంతో ఇబ్బంది పడుతున్నారు.' అత్తయ్యగారు తోడొస్తే బయట కూర్చోమనండి, ఆమె ముందు సగం మాటలు రావు. కాగితం చూడకుండా మళ్లీ బలం మాత్రలే రాస్తే, ఆ కాగితంతోనే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లోనూ ఆ విభాగం ఉంటుంది.