చెప్పు కరిచినా తెలియని కాలికి ఆన్‌లైన్‌లో షూస్ కొనడం ఎలా?

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. అమ్మ గుంటూరులో ఉంటుంది. వయసు 62, పన్నెండేళ్లుగా షుగర్. రోజూ నడవమన్నారని ఆన్‌లైన్‌లో వాకింగ్ షూస్ పంపించాను. అమ్మ చెప్పుల సైజు 6. ఇక్కడి లెక్కలో అది 8 అని 8 ఆర్డర్ చేస్తే బాగా పెద్దవయ్యాయి. తర్వాత 6 పంపితే ‘బాగానే ఉన్నాయిలే నాన్నా’ అంది. వారం తిరిగేసరికి చిటికెన వేలి పక్కన పొక్కు. నొప్పి లేదంటోంది. అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు ఏడాదిగా ఉన్నాయి. ఎలాంటివి కొనాలి?
– ఒక పాఠకుడు

సలహా: షూస్ కంటే ముందు పొక్కు సంగతి చూడాలి. ఆ జత మళ్లీ వేసుకోవద్దని ఈరోజే చెప్పండి. పొక్కును సూదితో గుచ్చకూడదు, ఆనెకాయలకు అంటించే మందు ప్లాస్టర్లు వేయకూడదు. వాటిలోని ఆమ్లం చర్మాన్ని కరిగించి పుండు చేస్తుంది. రేపటికల్లా డాక్టర్‌కు చూపించాలి. చుట్టూ ఎర్రబడినా, వేడిగా ఉన్నా, చీము కారినా, నల్లబడినా రేపటిదాకా కూడా ఆగొద్దు.

పొక్కు వచ్చినా నొప్పి లేదనడమే అన్నిటికన్నా ఆలోచించాల్సిన విషయం. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. మామూలు మనిషికి షూ కరిస్తే నాలుగడుగులకే తెలుస్తుంది. మీ అమ్మగారికి తెలియదు. కాబట్టి ఆవిడ ‘బాగానే ఉన్నాయి’ అన్న మాటను బట్టి సైజు తేల్చకండి. స్పర్శ తగ్గినవాళ్లు కాలికి పట్టేసినట్టున్న షూనే సరైనదని అనుకోవడం మేం తరచూ చూస్తాం. కొలతనూ కంటినీ నమ్మాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మోనోఫిలమెంట్ పరీక్ష చేయించండి. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును అరికాలిలో కొన్నిచోట్ల ఆనించి, తెలుస్తోందా అని అడుగుతారు. పాదంలో నాడి కూడా చూస్తారు. స్పర్శ బాగా పోయిందని తేలినా, వేళ్లు వంకర తిరిగినా, గతంలో పుండు పడి ఉన్నా ఆన్‌లైన్ షూస్ మానేయండి. పాదం కొలిచి, ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు అడుగు వేసి చేసి ఇచ్చేవే వాడాలి. అంత ఇబ్బంది లేదని డాక్టర్ చెబితే, పొక్కు పూర్తిగా మానాక కింది పద్ధతిలో కొనండి.

మొదటి జత ఎందుకు పెద్దదైందంటే, మన దేశంలో అమ్మే షూస్ మీద ఎక్కువగా యూకే నంబరే ఉంటుంది. ఆడవాళ్ల షూస్‌లో అమెరికా నంబరు దానికంటే సుమారు రెండు ఎక్కువ. యూకే లెక్కలో ఒక్కో నంబరుకూ పొడవు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే మీరు మొదట పంపిన జత దాదాపు 17 మిల్లీమీటర్లు ఎక్కువ. ఇక చెప్పుల సైజు షూస్‌కు పనికిరాదు. చెప్పులో చిటికెన వేలు అంచు దాటి బయటికి వచ్చినా నడిచిపోతుంది, షూలో ఆ వేలే గోడకు ఒరుసుకుంటుంది.

పాదం సాయంత్రానికి కాస్త ఉబ్బుతుంది, అందుకే ఆరు గంటల తర్వాత కొలవాలి. నడిచేటప్పుడు వేసుకునే సాక్సులతోనే, గోడకు మడమ ఆనించి, నేలమీద అంటించిన కాగితంపై నిలబడాలి. కూర్చుని కొలిస్తే పాదం పరుచుకోదు, కొలత తక్కువ వస్తుంది. గీసేవాళ్లు వేరే ఉండాలి, పెన్సిల్ నిటారుగా పట్టుకోవాలి. గోడ నుంచి అన్నిటికన్నా పొడవైన వేలి దాకా పొడవు తీయండి. కొందరికి అది బొటనవేలు కాదు, రెండో వేలు. తర్వాత వేళ్ల మొదట్లో పాదం బాగా వెడల్పుగా ఉన్నచోట అడ్డంగా కొలవండి. రెండు కాళ్లూ కొలిచి పెద్దదాన్నే తీసుకోవాలి.

ఉదాహరణకు కుడి 24.1, ఎడమ 24.4 సెంటీమీటర్లు వచ్చాయనుకుందాం. సైజు పట్టికలో ‘పాదం పొడవు’ అని ఉంటే 24.4 ఉన్న వరసే చూడండి, దానికి ఏమీ కలపొద్దు. ‘ఇన్‌సోల్ పొడవు’ (షూ లోపల పరిచే అడుగు పొడవు) అని ఉంటే ఒక సెంటీమీటరు కలిపి 25.4 చూడాలి. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే ఎక్కువ పార్సిళ్లు వెనక్కి వెళ్తుంటాయి.

వెడల్పు చాలడం లేదని పెద్ద నంబరు తీసుకోవడం ఇంకో పొరపాటు. షూ వంగే చోటు పాదం వంగే చోటికంటే ముందుకు పోతుంది, మడమ జారుతుంది, అక్కడా పొక్కులు వస్తాయి. నంబరు మార్చకుండా ‘వైడ్’ రకం వెతకండి. ఆడవాళ్లలో మామూలు వెడల్పుకు గుర్తు బి, వైడ్ అంటే డి. మగవాళ్లలో డి మామూలే. కాబట్టి అదే యూకే నంబరులో మగవాళ్ల జత కూడా చూడొచ్చు.

ఫొటోలో చిటికెన వేలు వచ్చేచోట గట్టి కుట్టు, ప్లాస్టిక్ పట్టీ లేకుండా మెత్తటి మెష్ (వలలాంటి గుడ్డ) ఉండాలి. లేసులు గానీ వెల్క్రో గానీ ఉండాలి, వంగలేనివాళ్లకు వెల్క్రో మేలు. మెమరీ ఫోమ్ అనే మాటకు పడిపోకండి. వేలితో నొక్కితే హాయిగా ఉంటుంది, బరువు పడితే అణిగిపోయి కాలు ఊగుతుంది.

పార్సిల్ వచ్చాక ట్యాగ్ తీయకుండా ముందు ఇన్‌సోల్ బయటికి లాగి, దానిమీద సాక్సులతో నిలబడమనండి. పాదం పక్కలకు దాటి వస్తే ఆ షూ వద్దు, తిప్పి పంపండి. పొడవైన వేలి ముందు సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. లోపల చెయ్యి పెట్టి కుట్లు తడమాలి. షూను చేతుల్లో వంచితే వేళ్ల మొదట్లో వంగాలి, నడుమ మడత పడకూడదు. మడమ వెనక భాగం నొక్కితే గట్టిగా ఉండాలి. ఇంట్లో శుభ్రమైన టైల్స్ మీద పది నిమిషాలు నడిచాక సాక్సులు విప్పి చూడాలి. ఎక్కడైనా ఎర్రగా కనిపించి అరగంటకూ తగ్గకపోతే వెనక్కి పంపేయండి.

సరిపోయిన జతనైనా మొదటి వారం రోజుకు అరగంటకు మించి వేసుకోనివ్వకండి. తెల్ల సాక్సులే కొనండి, రక్తం గానీ చీము గానీ అంటితే వెంటనే కనిపిస్తుంది. వీడియో కాల్‌లో ‘షూస్ ఎలా ఉన్నాయమ్మా’ అని అడగడంతో ఆపకుండా, కెమెరాను అరికాళ్ల వైపు, వేళ్ల సందుల వైపు తిప్పమనండి.