డ్రాలో మిత్రుడి పేరు వచ్చింది, వైన్ షాపులో వాటా కోసం దావా వేయవచ్చా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. 2025 అక్టోబరులో ఐదుగురు మిత్రులం ఒకే వైన్ షాపుకు ఎవరి పేరున వాళ్లం 3 లక్షలు కట్టి దరఖాస్తు వేశాం. ఎవరికి వచ్చినా అందరికీ సమాన వాటా అని 100 రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకున్నాం. డ్రాలో ఒకరికి వచ్చింది. మొదటి వాయిదా కట్టడానికి నా భార్య నగలు తాకట్టు పెట్టి అతనికి 5 లక్షలు ఇచ్చాను. మూడున్నర లక్షలు బ్యాంకు ద్వారా, లక్షన్నర చేతికి. ఇప్పటిదాకా రూపాయి లాభం ఇవ్వలేదు. ‘లైసెన్సు నాది, నీకు వాటా లేదు’ అంటున్నాడు. చిన్ననాటి స్నేహితుడే ఇలా మోసం చేశాడు. ఒప్పందం ఒరిజినల్ అతని దగ్గరే ఉంది, నా ఫోన్లో ఫొటో ఉంది. చిట్టీ పూచీకి అతను గతంలో సంతకం చేసిచ్చిన ఖాళీ ప్రోనోటు నా దగ్గర ఉంది. దాన్ని 5 లక్షలకు నింపి దావా వేయమంటున్నారు కొందరు. ఎక్సైజు వాళ్లకు ఫిర్యాదు చేయమంటున్నారు మరికొందరు. ఏం చేయాలి?

జవాబు: లైసెన్సు మీద మీ పేరు లేదు. ఈ కేసును తేల్చేది అదొక్కటే. వాటా కోసం దావా వేయకండి, నిలవదు.

మద్యం వ్యాపారం ఎవరికీ ప్రాథమిక హక్కు కాదు. ప్రభుత్వం ఫలానా వ్యక్తికి ఇచ్చే అనుమతి మాత్రమే. అధికారుల అనుమతి లేకుండా దాన్ని బదిలీ చేయడం, మరొకరికి వాటా పంచడం లైసెన్సు షరతులకు విరుద్ధం. అలాంటి భాగస్వామ్యం కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద చెల్లదని బిహారీలాల్ జైస్వాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకు చాలా ముందే వేలు పడయాచ్చి కేసులో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి కూడా అదే తేల్చింది. స్టాంపు పేపరు 100ది కాక 1,000ది అయినా, రిజిస్టరు చేయించినా ఫలితం మారదు.

అందుకే వాటా, లాభాల లెక్క అనే మాటలు వదిలేసి, ఇచ్చిన సొమ్ము వాపసు అడగండి. చెల్లని ఒప్పందమని తెలిసే డబ్బు పెట్టారని, షాపు కూడా మొదలైపోయిందని, కాబట్టి సొమ్ము తిరిగివ్వక్కర్లేదని అవతలి వకీలు తప్పకుండా వాదిస్తాడు. మీరు ఇంతవరకు లాభం తీసుకోలేదు, అది మీకు పనికొచ్చే విషయం. ఇప్పుడు ఒక నెల ‘వాటా’ చేతిలో పెడితే పుచ్చుకోకండి. దరఖాస్తుకు కట్టిన 3 లక్షలు మీ పేరున ప్రభుత్వానికి పోయిన, తిరిగిరాని రుసుము. అది అతన్ని అడగలేరు.

ప్రోనోటు జోలికి పోకండి. సంతకం నిజమైనదే అయినా అప్పు అబద్ధం. చిట్టీ పుస్తకాలు తెప్పిస్తే ఆ నోటు ఎందుకు ఇచ్చాడో బయటపడుతుంది. మీ బ్యాంకు ఖాతాలోనేమో మూడున్నర లక్షలే కనిపిస్తాయి. దావా పోవడమే కాదు, భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద తప్పుడు సాక్ష్యం కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. ఎక్సైజు ఫిర్యాదూ అంతే. ‘నేను పేరు లేని భాగస్తుణ్ణి’ అని మీ చేత్తో రాసిచ్చినట్టవుతుంది. ఎక్సైజు చట్టం 31వ సెక్షన్ కింద లైసెన్సు సస్పెండైనా, రద్దయినా మీకు డబ్బు తిరిగిచ్చే స్తోమత అతనికి మిగలదు.

ఇక సాక్ష్యం. ఒరిజినల్ అవతలివాడి దగ్గర వదిలి, రసీదు లేకుండా లక్షన్నర చేతికివ్వడం శుద్ధ అజాగ్రత్త. తాకట్టు రసీదు మీ దగ్గర డబ్బు ఉందని చెబుతుంది గానీ అతనికి ఇచ్చారని చెప్పదు. బ్యాంకు స్టేట్‌మెంటుకు ముద్ర వేయించుకోండి. డబ్బు ముట్టిందని అతను ఒప్పుకున్న వాట్సాప్ మెసేజీ ఒక్కటి ఉన్నా ఆ ఫోను మార్చకండి, చాట్ చెరపకండి. కోర్టులో దానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే పత్రం కావాలి. అందులో ఎ భాగం మీరు, బి భాగం నిపుణుడు నింపాలి.

కాలపరిమితి మూడేళ్లు. డబ్బు పంపిన తేదీ నుంచే లెక్క పెట్టుకోండి, అంటే 2028 అక్టోబరు. అప్పటిదాకా ఆగితే షాపు గడువు 2027 నవంబరులో ముగిసిపోతుంది, ఆ తర్వాత అతని దగ్గర ఏం మిగులుతుందో చూసుకోండి.

ఈ నెలలోనే వకీలు ద్వారా స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్‌తో నోటీసు పంపండి. బ్యాంకు ద్వారా ఇచ్చినది, చేతికిచ్చినది విడివిడిగా, తేదీలతో రాయించండి. జవాబు రాకపోతే దావాకు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి. అక్కడ కోర్టు ఫీజు ఉండదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు డిక్రీతో సమానం, వాయిదా తప్పితే అమలుకు వెళ్లవచ్చు. రాజీ పత్రంలో సొమ్ము వాపసు, వాయిదాల తేదీలు మాత్రమే ఉండాలి. ‘వాటా’ అన్న మాట కనిపిస్తే సంతకం పెట్టకండి. ఈలోగా తర్వాతి వాయిదాకు సర్దమని అతను అడిగితే, అధికారుల అనుమతితో మీ పేరు లైసెన్సులోకి ఎక్కేదాకా రూపాయి కూడా ఇవ్వకండి.