అమెరికా ప్రెసిడెంటు మాట, మా చెరువు గట్టు మీద చర్చ

"ఒక దేశ ప్రెసిడెంటు తీసుకునే నిర్ణయాలూ, ఆయన మాట్లాడే తీరూ మామూలు జనం మాట్లాడుకునే మాటల్ని నిజంగా మారుస్తాయా, లేక అదంతా టీవీలవాళ్ళ గోలేనా" అని అడిగారు కదండీ. మారుస్తాయండి. నేను భీమవరం పక్కన ఏడెకరాల్లో వనామి రొయ్య సాగు చేస్తాను, అందులో మూడెకరాలే సొంతం మిగతాది లీజు. 2025లో నా చెరువు మీద జరిగింది చెప్తాను, దాన్నిబట్టి మీరే చూడండి.

ఏప్రిల్ 3 తెల్లారేసరికి ఊళ్ళో ప్రతి ఫోన్లోనూ ఒకటే ఫొటో, ట్రంప్ చేతిలో పెద్ద అట్టబోర్డు, దాని మీద దేశాల పేర్లు, ఇండియా ఎదురుగా 26 శాతం. అప్పటికి నా చెరువులో రొయ్య యాభై కౌంటు (అంటే కిలోకి యాభై రొయ్యలు) దగ్గరుంది, ఇంకో రెండు వారాలు ఉంచితే నలభైకి వచ్చేది. ఏడు గంటలకి ఏజెంటు ఫోన్ చేసి "అమెరికా ఆపేసిందండి, ప్లాంటు వాళ్ళు సరుకు వద్దంటున్నారు, ఇవాళైతే కిలోకి నలభై తగ్గించి ఎత్తుతాను, రేపటి సంగతి నాకు తెలీదు" అన్నాడు. వడ్లయితే బస్తాల్లో పోసి ఆపుకోవచ్చు, రొయ్య ఆగదు కదండీ. రోజూ మేత పోయాలి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరగాలి, కరెంటు పోతే డీజిల్, వైట్ స్పాట్ తెగులు వస్తే మొత్తం చెరువే పోతుంది. మూడు రోజులు చూసి భయపడి 6వ తేదీన పట్టుబడి చేయించేశాను, అంటే చెరువులో రొయ్య మొత్తం పట్టించి అమ్మేశాను. 9వ తేదీన అదే ప్రెసిడెంటు తొంభై రోజులు ఆపుతున్నాం, ప్రస్తుతానికి చైనాకి తప్ప అందరికీ 10 శాతమే అన్నాడు. అంటే నేను పట్టించిన రోజుకి ఆ 26 శాతం అసలు మొదలే కాలేదు, తర్వాత ఆగిపోయింది కూడా, కానీ నా రేటు మాత్రం ముందే పడిపోయింది.

డబ్బు పోయిన బాధ సరే, దానికంటే నన్ను ఎక్కువ తొలిచింది ఆ మూడు రోజులూ టీ కొట్టు దగ్గర మేం ఏం మాట్లాడుకున్నాం అన్నది. పాతిక ముప్పై మంది రైతులం పొద్దున్నా సాయంత్రం అక్కడే ఉన్నాం. ఆయన పిచ్చోడా తెలివైనోడా, మోదీ గారు వంగాలా నిలబడాలా, ఇదే చర్చ, గొంతులు పోయేలాగ. ఈ పన్ను ఏ తేదీ నుంచి, దాన్ని కట్టేది ఎవరు, మనతో పోటీ పడే ఈక్వెడార్‌కి ఎంత వేశారు, ఈ మూడు ముక్కలు ఒక్కరం అడగలేదు. నేనూ అడగలేదు. సుంకం కట్టేది అక్కడ సరుకు దించుకునే అమెరికా వ్యాపారి అనీ, అతను ఆ భారాన్ని ఎగుమతిదారు మీదికి, అక్కణ్ణించి ఏజెంటు మీదుగా మా మీదికి నెట్టుతాడనీ, ఆ నెట్టుడులో ఎంతవరకు ఒప్పుకోవాలన్నదే మా బేరమనీ నాకు అర్థమయ్యేసరికి నా చెరువు ఖాళీ. ఈక్వెడార్‌కి ఆ బోర్డు మీద 10 శాతమే ఉంది. రొయ్యలవాడికి కావాల్సిన అసలు అంకె అది, అదీ ఆ ఫొటోలోనే ఉంది, అయినా మా కళ్ళు దాని మీదికి పోలేదు.

ఇక్కడ నిర్ణయం వేరు, నడవడి వేరు అని నాకు అనిపిస్తుంది. మన రొయ్యల మీద అమెరికాలో యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే సుంకం, 2005 నుంచీ ఉంది, అక్కడి వాణిజ్య శాఖ ఏటేటా లెక్కలు చూసి దాన్ని సవరిస్తూ ఉంటుంది. 2024 చివర్లో సబ్సిడీల పేరు చెప్పి ఇంకో సుంకం కూడా పెట్టారు, మనవాళ్ళు ఎక్కువమందికి 5.77 శాతం. అదీ మా జేబులోంచే పోయే డబ్బే కదా, కానీ దాని గురించి మా కొట్టు దగ్గర ఒక్క పూట కూడా మాట్లాడుకున్న గుర్తు లేదు, ఎందుకంటే అది నోటీసులూ విచారణలూ గడువులూ దాటుకుని నెమ్మదిగా వచ్చింది, ఎగుమతిదారులు లాయర్లని పెట్టుకుని వాదించుకునే టైం దొరికింది. ట్రంప్ సుంకం మాత్రం బోర్డు పట్టుకుని చెప్పింది, ఆ తర్వాత ఆయన సొంత సోషల్ మీడియా ట్రూత్ సోషల్లో పోస్టు పెట్టి చెప్పింది, తేదీ మార్చింది, మళ్ళీ మార్చింది. సుంకం ఎక్కువ తక్కువ సంగతి అలా ఉంచండి, చెప్పే తీరులోనే అవతలివాడు ఆలోచించుకునే టైం లేకుండా పోతుంది, టైం లేనప్పుడు జనం విషయం గురించి మాట్లాడరు, మనిషి గురించి మాట్లాడతారు.

మరి ప్రెసిడెంటు అంటే ఎప్పుడూ ఇలాగే అనుకోకండి. 1997 అక్టోబరులో నేను నరసాపురంలో డిగ్రీ చదువుతున్నా, ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టాలని అప్పటి ప్రధాని గుజ్రాల్ కేబినెట్ పంపితే రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ గారు మళ్ళీ ఆలోచించుకోండని వెనక్కి పంపారు, కేబినెట్ ఇక ఆ పట్టు వదిలేసింది. మర్నాడు మా పాలిటిక్స్ మాస్టారు సిలబస్ పక్కన పెట్టి గంటసేపు రాష్ట్రపతి పాలన గురించిన 356 అధికరణం చెప్పారు, మేమంతా కొట్టుకున్నంత పని చేసి వాదించుకున్నాం, అయితే వాదన మొత్తం ఆ అధికరణం మీదే నడిచింది, నారాయణన్ గారు మంచోడా చెడ్డోడా అని ఎవరూ అనలేదు. ఆయన చేసిన పద్ధతే అలాంటిది. మన రాష్ట్రపతికీ అమెరికా ప్రెసిడెంటుకీ అధికారాల్లో పోలికే లేదని తెలుసు, నేను చెప్పేది నడవడి సంగతి.

సరే, మళ్ళీ రొయ్యల దగ్గరికొస్తా. జూలై 30న 25 శాతం అన్నారు, ఆగస్టు 7 నుంచి మొదలైంది. ఆగస్టు 6న రష్యా నుంచి చమురు కొంటున్నందుకు ఇంకో 25 అన్నారు, అది 27 నుంచి. అప్పటికి మొత్తం 50 అయింది, పాత సుంకాలు దానికి అదనం. అదే ఈక్వెడార్‌కి అప్పుడు 15. 2024-25లో మన దేశం నుంచి వెళ్ళిన ఫ్రోజెన్ రొయ్యలు 7.41 లక్షల టన్నులైతే అందులో 3.11 లక్షల టన్నులు అమెరికాకే వెళ్ళాయి, ఇవి సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా లెక్కలు. వంద కిలోల్లో నలభై పైచిలుకు కిలోలు ఒక్క గుమ్మంలోకి పంపుకున్నాం అన్నమాట. మా డెల్టాలో చర్చ జరగాల్సింది దీని మీద. కానీ రష్యా చమురు అన్న మాట రాగానే చర్చ మొత్తం దేశ గౌరవం వైపు తిరిగిపోయింది. మా ఊళ్ళో బావా బావమరుదులు ఇద్దరు, పక్కపక్క చెరువులే, ఆ వాదనలో పడి రెండు నెలలు మాటల్లేవు. సీడు (రొయ్య పిల్ల) సరిగ్గా రావట్లేదు, మేత రేటు తగ్గించమని అందరం కలిసి అడుగుదాం అని ఒక కుర్రాడు లేచి అంటే "దేశం గురించి మాట్లాడుతుంటే నీ మేత గోల ఏంట్రా" అని కూర్చోబెట్టేశారు. ఆ కుర్రాడి మొహం నాకు ఇప్పటికీ గుర్తే, వాడు అడిగింది ఒక్కటీ తప్పు కాదు. దేశ గౌరవం గురించి మాట్లాడొద్దని నేననట్లేదండి, నాకూ కోపం వచ్చింది, కానీ మేత రేటు గురించి మాట్లాడటం దేశానికి అడ్డం ఎప్పుడయిందో నాకు అర్థం కాలేదు.

సెప్టెంబర్లో ఇంకోటి. మా అక్క కొడుకు టెక్సస్‌లో హెచ్-1బీ మీద పని చేస్తాడు, సెలవు పెట్టి పాలకొల్లు వచ్చాడు. సెప్టెంబర్ 20 శనివారం పొద్దున్న లేచేసరికి హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు, ఆదివారం నుంచే అమలు, బయట ఉన్నవాళ్ళు వెంటనే వచ్చేయండని వాళ్ళ కంపెనీ మెయిల్. మన టైం ప్రకారం ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి గడువు, పాలకొల్లు నుంచి బయల్దేరి ఆ లోపల అమెరికాలో దిగడం ఎవరి తరమూ కాదు. అక్క ఏడుస్తూనే ఉంది. బంధువులొచ్చి కూర్చున్నారు, ఒకరు ఏటా లక్ష కట్టాలంటారు, ఎందుకంటే అక్కడి వాణిజ్య మంత్రే అలా అన్నాడు, ఇంకొకరు ఇక ఇక్కడే రొయ్యల చెరువు చూసుకోమంటారు, ఇంకొకరు పిల్లాడికి చూసిన సంబంధం వాళ్ళకి ఈ సంగతి చెప్పాలా వద్దా అని గుసగుసలు. ఇదంతా ఒక్క పగలులో. తర్వాత వైట్ హౌస్ వాళ్ళు ఇది ఏటా కాదు, ఒక్కసారి కట్టేది, అదీ కొత్త అప్లికేషన్లకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళు వెళ్ళిరావచ్చు అని చెప్పారు. మావాడు అనుకున్న రోజుకే వెళ్ళాడు. కానీ ఆ సంబంధం వాళ్ళు మళ్ళీ మాట్లాడలేదు. ఆ ఉత్తర్వు కాగితం తెరిచి చదివినవాళ్ళు మా ఇంట్లో ఆ రోజు ఎవరూ లేరు.

మా నాన్నకి డెబ్భై రెండు. ఈ గొడవంతా విని ఒక రాత్రి వాళ్ళ చిన్నప్పటి సంగతి చెప్పారు. బళ్ళో అమెరికా పాలపొడి కలిపిన పాలు, అమెరికా గోధుమరవ్వ ఉప్మా పెట్టేవాళ్ళంట. అప్పట్లో పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద గోధుమ వచ్చేది, 1965, 66ల్లో దేశంలో కరువు, ప్రెసిడెంటు జాన్సన్ ఓడల్ని ఏడాదికి సరిపడా ఒక్కసారి పంపకుండా నెలా రెండు నెలలకి సరిపడా మాత్రమే వదిలేవాడు, వ్యవసాయం బాగుచేసుకోండని ఒత్తిడి, పైగా వియత్నాం యుద్ధం మీద మనవాళ్ళు చేసిన విమర్శ ఆయనకి నచ్చలేదు. శాస్త్రి గారు సోమవారం రాత్రి భోజనం మానండి అంటే మా తాతగారింట్లో మానేశారంట. "మరి అప్పుడు జాన్సన్ని తిట్టుకునేవాళ్ళా నాన్నా" అని అడిగాను. "తిట్టేవాళ్ళురా, కానీ మీ తాతగారు అరుగు మీద కూర్చుంటే ఎక్కువ మాట్లాడేది విత్తనం గురించే" అన్నారు. 1967కల్లా ఆచంట వైపు ఐఆర్-8 వరి వేశారు, తర్వాత మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి ఒక్కో రకం వస్తూ 1982లో స్వర్ణ వచ్చింది, మా నాన్న ఆ స్వర్ణ పండించే నన్ను చదివించారు. ఆ ప్రెసిడెంటు ఒత్తిడీ అవమానంగానే ఉందంట వాళ్ళకి. కాకపోతే ఆ రోజుల్లో కబురు రేడియోలో రాత్రి వస్తే తెల్లారి పేపర్లో చదివి, సాయంత్రం అరుగు మీద మాట్లాడుకునేవాళ్ళు. మధ్యలో ఒక రోజు దొరికేది. మా ఏజెంటు మాకు గంట కూడా ఇవ్వలేదు.

ఏప్రిల్లో దెబ్బ తిన్నాక మేం ఎనిమిది మందిమి ఒక మాట అనుకున్నాం. అమెరికా కబురు ఏదొచ్చినా ముందు మూడు అడగాలి: సంతకం అయిందా, ఏ తేదీ నుంచి, మన చెరువులోని కౌంటు అసలు ఏ దేశం వెళ్తుంది. ఆ మూడూ తేలాకే తిట్టుకునేది తిట్టుకుందాం అని. ఆగస్టు 8న నా రెండో చెరువు పట్టుబడికి వచ్చింది, ఏజెంటు వచ్చి "యాభై శాతం వేశారండీ" అని కిలోకి ముప్పై కోస్తానన్నాడు. రెండో పాతిక 27 నుంచి కదా అన్నాను. కాస్త ఆగి అవునన్నాడు. ఈ లోడు ఎటు వెళ్తుంది అని అడిగాను. తలతో ఉన్న సరుకు, చైనా ఆర్డరుకి అన్నాడు. మా చిన్నబాబాయి పక్కనే ఉన్నారు, "మరి చైనావాళ్ళు వేశారా యాభై" అన్నారు. అరగంట బేరం నడిచి పన్నెండు రూపాయల కోతకి ఒప్పుకున్నాడు, ఐస్ వ్యాను పిలిపించి లోడెత్తాం. మొన్న టీ కొట్టు దగ్గర ఒకాయన ఫోన్ పైకెత్తి "చూశారా, మళ్ళీ ఏదో అన్నాడు" అంటే, బాబాయి టీ గ్లాసు కింద పెట్టి అడిగింది ఒకటే, "తేదీ ఏదన్నా వేశాడా?"