మా నాలుగేళ్ల బాబుకు నెఫ్రోటిక్ సిండ్రోమ్ తిరగబెట్టింది. మళ్లీ స్టెరాయిడ్లు వాడితే కిడ్నీలు పాడవుతాయా?

మా అమ్మాయికి కూడా మూడేళ్ల వయసులో ఇదే జబ్బు మొదలైంది, అంటే కిడ్నీల నుంచి ప్రోటీన్ మూత్రంలోకి కారిపోయి ఒంటికి నీరు పట్టడం. ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఈలోగా ఐదుసార్లు తిరగబెట్టింది. నేను డాక్టరును కాను, తల్లిగా చూసింది, మా డాక్టరు చెప్పింది రాస్తున్నాను.

మొదట్లో పొద్దున లేచేసరికి పాప కళ్లు ఉబ్బి ఉండేవి, సాయంత్రానికి తగ్గేవి. ఎలర్జీ అన్నారు. కంట్లో చుక్కల మందు వేస్తూ పది రోజులు పోగొట్టుకున్నాం. పాదాలకు నీరు పట్టి చెప్పులు దూరనప్పుడు గానీ మూత్రం పరీక్ష జరగలేదు. ప్రోటీన్ 4+, అంటే చాలా ఎక్కువగా వచ్చింది.

ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు ఆరు వారాలు రోజూ, మరో ఆరు వారాలు రోజు విడిచి రోజు ఇచ్చాం. బుగ్గలు ఉబ్బాయి, ఆకలి పెరిగింది, ఊరికే ఏడ్చేది. చూడలేక మా అత్తగారు మాత్రలు మాన్పించి పసరు మందు పోయిద్దామన్నారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ఈ మందు వాడుతున్నంతకాలం ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోతుంది. ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. మోతాదు తగ్గించాక పాప బుగ్గలు మామూలయ్యాయి.

ఇది చాలావరకు రోగనిరోధక వ్యవస్థ దారి తప్పడం వల్ల వచ్చేదే. చాలామంది పిల్లల్లో కిడ్నీ వడపోతకు కీలకమైన నెఫ్రిన్ అనే ప్రోటీన్‌పై దాడి చేసే యాంటీబాడీలు ఉన్నట్టు 2024లో వెలువడిన పరిశోధన చూపింది. ఈ వయసు పిల్లల్లో పదిమందికి ఎనిమిది మందికి పైగా స్టెరాయిడ్లతో జబ్బు లొంగుతుంది. అలా లొంగినవారికి కిడ్నీలు దెబ్బతినడం చాలా అరుదు, తిరగబెట్టడం మాత్రం మామూలే. మరీ తరచుగా వస్తుంటే లెవామిసోల్, మైకోఫెనోలేట్ వంటి వేరే మందులు ఉన్నాయి, డాక్టరును అడగండి.

నన్ను నిలబెట్టింది ఒక నోటుపుస్తకం. రోజూ పొద్దున తొలి మూత్రంలో ప్రోటీన్ చూసే పరీక్ష స్టిక్కు ముంచి, రంగు చూసి, తేదీతో రాస్తాను. వరుసగా మూడు రోజులు 3+ గానీ అంతకు మించి గానీ వస్తే తిరగబెట్టినట్టే. జలుబు చేసిన వారంలో మరింత జాగ్రత్తగా చూస్తాను, ఎక్కువగా అప్పుడే వస్తుంది. చివరి మూడుసార్లూ ఉబ్బు కనిపించకముందే పట్టుకున్నాం, ఆసుపత్రిలో చేర్చాల్సిన అవసరం రాలేదు.

ఉబ్బు ఉన్నప్పుడు జ్వరంతో కడుపునొప్పి వస్తే తెల్లవారేదాకా ఆగకండి, పొట్టలోని నీటికి ఇన్ఫెక్షన్ సోకి ఉండవచ్చు. బడిలో ఎవరికైనా ఆటలమ్మ పోసిందని తెలిసినా ఆరోజే డాక్టరుకు ఫోను చేయండి. టీకాలు కూడా అడిగే వేయించండి, స్టెరాయిడ్ మోతాదు ఎక్కువగా ఉన్నప్పుడు కొన్ని వేయకూడదు.

బాబు బరువు కూడా అదే పుస్తకంలో రాయండి, నీరు పడితే ముందు అక్కడే తెలుస్తుంది. మాకిప్పుడు మూడో పుస్తకం నడుస్తోంది. పదకొండు నెలలుగా అన్ని పేజీల్లోనూ 'నిల్' అనే ఉంది.